కాకికి చోటు

రాహేలు టీచర్ బాల్వాడి శాలిబండలో, కైలాసం సేటు ఇంటి ముందు గదిలో నడిచేది. సేటుది మిరపకాయల టోకు వ్యాపారం. గది వెనక వాకిలి, వాకిలి చివర గోదాము. గాలి ఇటు తిరిగిందంటే పలకలు దిద్దుతున్న పిల్లలంతా ఒక్కసారే తుమ్మేవాళ్లు. టీచర్ కూడా తుమ్మి "స్తోత్రం" అనుకునేది. కొన్నాళ్లకు పిల్లలూ తుమ్మి "స్తోత్రం" అనడం మొదలుపెట్టారు. సేటు తల్లి నాగమణమ్మ గారు వాకిలి వైపు కిటికీలోంచి తొంగిచూసి, "ఏందమ్మా రాహేలూ, మా మనవడు దేవుని అర్ర ముంగట గూడ స్తోత్రమే అంటుండు" అని నవ్వేది. మంచి మనిషి. గదికి కిరాయి అడగలేదు. పిల్లలు కూర్చునే ఎర్రచారల జంపఖానా కూడా వాళ్లింటిదే.

నేను మా ఊళ్లో పదో తరగతి చదివి, జహనుమాలో ఉండే పిన్ని దగ్గరికి వచ్చాను. బాబాయి పొద్దున్నే కంచన్‌బాగ్‌లో డ్యూటీకి వెళ్లేవాడు. ఇంట్లో నేను ఏ మూలనో కూర్చుని ఏదో రాసుకుంటూ ఉండేదాన్ని. అది చూడలేక పిన్ని నన్ను వాళ్ల గల్లీలోనే ఉండే రాహేలు టీచర్‌కు అప్పగించింది.

"ఈ పిల్లకు నోట్లె నాలుక లేదు టీచర్. నీ బాల్వాడి పొల్లగాండ్లతోనన్న మాట్లాడుతదేమో చూడు" అంది, నేను అక్కడే ఉండగా.

అలా నేను చిన్న టీచర్‌నయ్యాను. పాలపొడి కలపడం, పలకలు తుడవడం, అట్టలతో జంతువుల మొహాలు చేయడం నా పనులు. ఇంకోటి ఉంది. టీచర్ వారానికొక కథ చెప్పేది. సోమవారం చెప్పిన కథనే రోజూ చెప్పించి, శనివారం పిల్లలతో ఆడించేది. కథ చివర వచ్చే నీతిని బోర్డు మీద రాసేది నేను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. పిల్లలకు చదవడం రాదు కానీ, నేను కర్రతో చూపిస్తే అందరూ కలిసి పాటలా చెప్పేవాళ్లు.

యాదమ్మ వర్షాకాలం మొదట్లో వచ్చింది. వాళ్ల అమ్మమ్మ కొమురమ్మ బాల్వాడి గల్లీ ఊడ్చేది, మోరీల్లో మురికి తీసేది. తల్లి లేని పిల్లను రోజంతా చీపురు వెంట తిప్పుకోలేక, ఒక పొద్దున తెచ్చి గడప బయట నిలబెట్టింది. ఐదేళ్లుంటాయేమో. చేతిలో సొంత గ్లాసు. ఎవరు నేర్పారో, చెప్పులు తీసి, వాటిని గోడకు ఆనించి, దూరంగా నిలబడింది.

"లోపటికి రా బిడ్డా" అంది టీచర్.

కిటికీలోంచి నాగమణమ్మ గారు చూసింది. కోపం లేదు, గొంతు కూడా పెంచలేదు. "దాన్ని జంపఖానా మీద కూసోబెట్టకు తల్లీ. ఏకాదశికి మావోళ్లు దాని మీదనే భజనకు కూసుంటరు" అంది. అని ఊరుకోలేదు, ఒక గోనెసంచి పంపింది. కొత్తదే. తలుపు పక్కన పరిచిన ఆ గోనెసంచి యాదమ్మ చోటు అయింది.

అది నాకు కొత్త కాదు. మా ఊరి బడిలో ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసేది. నేను ఆశ్చర్యపోయింది టీచర్‌ను చూసి. ఆమె ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఇంటికి వెళ్తూ బస్సులో తనే చెప్పింది.

"పెద్దోళ్లతోని లొల్లి పెట్టుకుంటె గది పోతది మణీ. గది పోతె అందరు పిల్లలు పోతరు, యాది గూడ పోతది. కత చెప్దాం. పిల్లలే జరిగి చోటిస్తరు. సొంత మనవడే పిలిచినంక ఆమె ఏమంటది?"

నాకు ఆ మాట చాలా గొప్పగా అనిపించింది. ఆ రాత్రి నా నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను కూడా.

ఆ సోమవారం టీచర్ చెప్పిన కథ పక్షుల పెళ్లి. నెమలి ఇంట్లో పెళ్లి. చిలకను పిలిచారు, పావురాన్ని పిలిచారు, పిచ్చుకను పిలిచారు. నల్లగా ఉంటుంది, గొంతు బాగుండదు, ఏది పడితే అది తింటుంది అని కాకిని పిలవలేదు. కాకి గోడ మీద కూర్చుని చూస్తోంది. అందరూ బూరెలు తింటుంటే పిల్లి చప్పుడు కాకుండా వచ్చింది. కాకి ఒక్కతే చూసింది. కావుకావుమని అరిచి, పిల్లి ముక్కు మీద పొడిచి తరిమేసింది. అప్పుడు నెమలి సిగ్గుపడి, "రా కాకమ్మా, మా పక్కన కూసో" అని పిలిచింది.

నేను బోర్డు మీద నీతి రాశాను. 'ఎవరినీ చిన్నచూపు చూడరాదు. వారు కూడా ఒకనాడు మనకు పనికి వస్తారు.' ఇలాంటి నీతులు ఊళ్లో ఎన్నో రాశాను. తడుముకోకుండా వచ్చేసింది.

"మస్తుంది" అంది టీచర్.

శనివారం మొహాలు పంచేటప్పుడు నెమలి కోసం పెద్ద యుద్ధమే జరిగింది. చివరికి నాగమణమ్మ గారి మనవడు అమరనాథ్ గెలిచాడు. కాకి మొహం కోసం ఎవరూ కొట్లాడలేదు. అమర్ దాన్ని తీసుకుని సరాసరి గోనెసంచి దగ్గరికి వెళ్లి యాదమ్మ ఒళ్లో పెట్టాడు.

"యాది కాకి అని నీకెవరు చెప్పిన్రు?" అని మెల్లగా అడిగాను.

వాడు నన్ను వింతగా చూశాడు. "ఎవరు జెప్పాలె? యాదే గద!"

కథలో మేము ఎవరి పేరూ చెప్పలేదు. ఐదేళ్ల పిల్లలకు ఏమీ తెలియదనుకుని, వాళ్లకు తెలియకుండా మంచి నేర్పుదామనుకున్నాం. వాళ్లు మొదటి రోజే పోల్చుకున్నారు.

టీచర్ కూడా విన్నది. "పోనీ, మంచిదే. చోటు దొరికేది కాకికే గద" అంది.

ఆట మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. నాగమణమ్మ గారు పీట వేయించుకుని చూసింది. యాదమ్మ అంత గట్టిగా అరుస్తుందని ఎవరికీ తెలియదు. పిల్లి వేషం వేసిన పిల్ల నిజంగానే జడుసుకుని వాకిట్లోకి పరుగెత్తింది. అందరం కడుపు పట్టుకుని నవ్వాం. అమర్ రెండు చేతులూ చాచి, "రా కాకమ్మా, మా పక్కన కూసో" అన్నాడు. యాదమ్మ గోనెసంచి దాటి వచ్చి, జంపఖానా మధ్యలో, వాడి పక్కన కూర్చుంది. నాగమణమ్మ గారు చప్పట్లు కొడుతూనే ఉంది. టీచర్ నా చేయి పట్టుకుని నొక్కింది. ఆమె కళ్లలో నీళ్లు.

నాగమణమ్మ గారు లోపలికి వెళ్లింది. నేను మొహాలన్నీ తీసి సంచిలో పెట్టి ఉప్మా గిన్నె తెచ్చాను. యాదమ్మ అక్కడే కూర్చుని ఉంది.

"ఇగ లే. ఆట అయిపోయింది" అన్నాడు అమర్.

"ఎందుకురా లేవాలె?" టీచర్ నవ్వుతూనే అడిగింది. "కతల నెమలి ఏం జేసింది? కాకికి చోటిచ్చిందా లేదా?"

"ఇచ్చింది. కాకి పిల్లిని గొట్టింది గద టీచర్. మరి యాది ఏం గొట్టింది?"

టీచర్ బోర్డు వైపు చూసింది.

"మనకు పనికొస్తేనే గద చోటు" అన్నాడు వాడు, ఎంతో ఓపికగా, మాకు అర్థం కావడం లేదేమో అన్నట్టు. మిగతా పిల్లలు తలలూపారు. వెనక ఎవరో నీతిని పాటలా అందుకున్నారు. అందరూ కలిశారు. 'వారు కూడా ఒకనాడు మనకు పనికి వస్తారు.' అంత బాగా వాళ్లు ఏ నీతినీ చెప్పలేదు.

అమర్ చెడ్డ పిల్లవాడు కాదు. ఇంట్లోంచి తెచ్చుకున్న బెల్లంముక్కలో సగం రోజూ యాదమ్మకు ఇచ్చేవాడు, అందనంత దూరం నుంచి గోనెసంచి మీద వేసి. ఇప్పుడు కూడా వాడు పోట్లాడటం లేదు. మేము చెప్పిన లెక్క ప్రకారం మాట్లాడుతున్నాడు.

యాదమ్మ ఏడవలేదు. వాడు చెప్పింది న్యాయమే కదా అన్నట్టు కాసేపు ఆలోచించింది. లేచి వెళ్లి గోనెసంచి మీద కూర్చుంది.

"టీచర్" అన్నాను.

"తినిపియ్యి ముందు. సోమవారం చూద్దాం" అంది ఆమె, నా వైపు చూడకుండా.

సోమవారం దాకా ఆగలేదు. నేను ఉప్మా వడ్డిస్తూ తలుపు దగ్గరికి వచ్చేసరికి గోనెసంచి ఖాళీగా ఉంది. గ్లాసు ఉంది, పిల్ల లేదు. బయటికి పోయిందేమో అని గల్లీలోకి చూస్తున్నాను. అప్పుడు వాకిలి అవతల నుంచి అరుపు వినిపించింది. కథలో అరిచిన అరుపు కాదు. ఇంకోటి.

గోదాములో మిర్చి బస్తాల వెనక పిల్లి ఈనిందని పిల్లలందరికీ తెలుసు. అటు పోవద్దని, పిల్లలున్న పిల్లి మీదికి దూకుతుందని నాగమణమ్మ గారు రోజూ కేకలు వేసేది. నేను వాకిట్లోకి పరుగెత్తేసరికి యాదమ్మ గోదాము తలుపులోంచి వస్తోంది. రెండు కళ్లూ మూసుకుని, చేతులు ముందుకు చాచి, తడుముకుంటూ వస్తోంది. కనుబొమ్మ నుంచి చెంప దాకా చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఆ నెత్తురు మీద, జుట్టు మీద, గౌను మీద ఎర్రటి మిర్చి దుమ్ము. గాయంలో కూడా అదే.

నేను పిలవలేదు, పట్టుకోలేదు. ఆ పిల్ల నా పక్కనుంచే, నా పావడా తగిలేంత దగ్గరగా దాటుకుని గదిలోకి వెళ్లింది. కాలితో జంపఖానా అంచు వెతుక్కుంది. దొరికాక కూర్చుంది.

"పిల్లిని గొట్టిన" అంది. "ఇగ లేవ."

ఎవరూ తుమ్మలేదు కూడా. అందరికంటే ముందు కదిలింది అమర్. పక్కకు జరిగి, జంపఖానాను అరచేత్తో తట్టి, "ఆఁ, ఇప్పుడు కూసో" అన్నాడు. వాడి మొహంలో భయం లేదు, జాలి లేదు. లెక్క సరిపోయిందన్న తృప్తి ఉంది.

అది నేను జన్మలో మర్చిపోలేను.

తర్వాత అంతా గోల. నాగమణమ్మ గారు "అయ్యో, పోరి కండ్లు బోయినయ్!" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆవిడే యాదమ్మను ఒళ్లోకి లాక్కుంది. చెంబులతో నీళ్లు పోయించి కళ్లు కడిగింది. మడికట్టు చీర కొంగుతో నెత్తురు ఒత్తిపట్టింది. "ఏం గాదు బిడ్డా, ఏం గాదు, మంట తగ్గుతది" అని సొంత మనవరాలిని బుజ్జగించినట్టే బుజ్జగించింది. నాకు ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. నెత్తురు కాస్త ఆగగానే ఆవిడ కిందికి చూసి, ఎవరితోనో కాదు, తనలో తానే, "జంపఖానా ఉతికియ్యాలె" అంది. ఒకే నోటి నుంచి, ఒక నిమిషం తేడాలో. యాదమ్మ ఇంకా ఆవిడ ఒళ్లోనే ఉంది.

ఎవరో చెబితే కొమురమ్మ వచ్చింది. గడప బయటే ఆగి, చీపురు గోడకు ఆనించి, చేతులు చాచి పిల్లను అందుకుంది.

"పిల్లి కాడికి ఎందుకు బోయినవే?"

"చోటు కోసం" అంది యాదమ్మ.

కొమురమ్మకు అర్థం కాలేదు. మా అందరి మొహాలూ చూసింది. టీచర్ తలవంచుకుని, ముక్కలు ముక్కలుగా, కథ సంగతి, కాకి సంగతి చెప్పింది. విన్నాక కొమురమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"సదువు జెప్తరని తోలిన టీచరమ్మా" అంది. "పని జేసి బతికేది నేను జేస్తనే ఉన్న గద. ఈ ముండకు గూడ కూలి జేస్తెనే కూసునుడా?"

టీచర్ చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్లతో పాటు దవాఖానకు వెళ్లింది.

కన్ను పోలేదు. గీత కంటికి వెంట్రుకవాసి పక్కనుంచి వెళ్లిందని డాక్టర్ చెప్పాడట. ఆ ఆదివారమంతా నేను పిన్ని ఇంటి వెనక కూర్చుని, నాకు తెలిసిన కథలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. చిన్న ప్రాణిని పెద్ద ప్రాణి ఎగతాళి చేస్తుంది. తర్వాత పెద్దది ఆపదలో పడుతుంది. చిన్నది కాపాడుతుంది. అప్పుడు స్నేహం. అన్నీ ఇవే. ఏమీ చేయకుండా ఊరికే వచ్చి కూర్చున్న చిన్న ప్రాణి ఒక్క కథలోనైనా ఉంటుందేమో అని సాయంత్రం దాకా వెతికాను. దొరకలేదు. ఇవన్నీ నేను గుండ్రటి అక్షరాలతో రాసి, మార్కులు తెచ్చుకున్న కథలు.

యాదమ్మ మళ్లీ రాదనుకున్నాం. టీచర్ రోజూ కొమురమ్మ ఇంటికి వెళ్లి గుమ్మంలో కూర్చుని వచ్చేది. కొమురమ్మ మాట్లాడేది కాదు. చివరికి యాదమ్మే పోరుపెట్టిందట. "నా చోటు ఎవరన్న గుంజుకుంటరు" అని ఒకటే ఏడుపట.

కంటి పైన దూది కట్టుతో వచ్చింది. సరాసరి నడిచి జంపఖానా మీద అమర్ పక్కన కూర్చుంది. జంపఖానా ఉతికి, ఎండలో ఆరి, కొంచెం వెలిసి ఉంది. కిటికీలోంచి నాగమణమ్మ గారు చూసింది.

"పాపం, కన్ను బోతుండె. అదొక్కతి కూసోనీ తల్లీ" అంది ఆవిడ.

ఆవిడ కూడా అదే లెక్క కట్టింది. టీచర్ మొహం చూశాను. గెలిచినట్టు లేదు, ఓడినట్టూ లేదు. పాలు కలపాలంటూ పక్కనున్న సామాన్ల గదిలోకి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే గడప దగ్గర ఇంకో పిల్ల కనిపించింది. కొమురమ్మతో పాటు మోరీలు తీసే బాలమ్మ కూతురు, సక్కుబాయి. యాదమ్మ లోపల కూర్చుంటోందని విని తల్లి పంపినట్టుంది. చేతిలో గ్లాసు. యాదమ్మ కంటే చిన్నది, ముక్కు కారుతోంది. లోపలికి ఒక అడుగు వేసింది.

యాదమ్మ కట్టు లేని కంటితో ఆ పిల్లను కింది నుంచి పై దాకా చూసింది.

"నువ్వేం గొట్టినవే?" అంది.

సక్కుబాయికి ఏమీ తెలియలేదు. తన చేతులకేసి చూసుకుంది. "ఏం గొట్టలె."

"మరి ఆడ కూసో" అని యాదమ్మ గోనెసంచి చూపించింది. అమర్ తలూపాడు.

పిల్లి గీరిన రోజు కూడా నాకు అంత భయం వేయలేదు. గదిలో పెద్దదాన్ని నేనొక్కదాన్నే. సక్కుబాయి గోనెసంచి వైపు తిరిగింది. ఎలా వచ్చిందో నాకే తెలియదు, నా నోట్లోంచి మాట వచ్చింది.

"కాకి పెండ్లికి వచ్చింది" అన్నాను. పిల్లలంతా నా వైపు తిరిగారు. నేను కథ చెప్పడం వాళ్లెప్పుడూ వినలేదు. "ఆకలైంది. వచ్చి కూసుంది. బూరె తిన్నది."

"పిల్లి?" అన్నాడు అమర్.

"పిల్లి రాలె."

"మరి కాకి ఏం జేసింది?"

"ఏం జెయ్యలె."

"ఊకెనే కూసుందా?"

"ఊకెనే కూసుంది."

"గిదేం కత?" అన్నాడు అమర్, మోసపోయినవాడిలా.

యాదమ్మ లేచి నిలబడింది. "అబద్దం!" అని అరిచింది. "అబద్దం చెప్తున్నవ్! నేను గొట్టిన. నాకు నెత్తురొచ్చింది. ఊకెనే ఎట్ల కూసుంటది?"

ఇది నేను ఊహించలేదు. ఊరికే కూర్చోవచ్చు అంటే, ఆ పిల్ల మొహం మీది గాయం ఊరికే అయినట్టే కదా. అది నాకంటే ముందు యాదమ్మకు తెలిసింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాను.

"నువ్వు పిల్లిని గొట్టకున్నా గిది నీ చోటే ఉండె యాదీ. మేమే నీకియ్యలె" అన్నాను.

యాదమ్మ నన్ను చూస్తూనే ఉంది. తర్వాత ఏడ్చింది. గోదాములోంచి వచ్చినప్పుడు ఏడవని పిల్ల, కుట్లు వేసేటప్పుడు ఏడవలేదని టీచర్ చెప్పిన పిల్ల, కింద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అందరూ ఆ పిల్లనే చూస్తుండగా సక్కుబాయి గ్లాసుతో సహా వచ్చి యాదమ్మ పక్కన జంపఖానా మీద కూర్చుంది. "ఎందుకేడుస్తుంది?" అని అమర్‌ను అడిగింది. వాడికీ తెలియలేదు.

"ఎవరే అది, ఆ కొత్తది?" కిటికీలోంచి నాగమణమ్మ గారి గొంతు.

నేను లేవబోయేలోపే యాదమ్మ మోచేత్తో ముక్కు తుడుచుకుని, వెక్కుతూ, కోపంగా, "ఊకెనే కూసుంది!" అంది. అంటూనే సక్కుబాయికి చోటు వదులుతూ తన మోకాలు కొంచెం ఇటు జరుపుకుంది.

"మణీ, నిన్నే అడుగుతున్న. ఒక్కదాన్నే గద కూసోమన్న?"

నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. ఊచల మధ్య నుంచి ఆవిడ మొహం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. గది పోతుందని తెలుసు. లోపల పాలు కలుపుతున్న గరిటె చప్పుడు ఆగిపోయింది. టీచర్ వింటోందని అర్థమైంది.

"కూసోనియ్యుండ్రమ్మా" అన్నాను.

నా గొంతు గదంతా వినిపించింది. నాగమణమ్మ గారు నన్ను, నా వెనక జంపఖానాను చాలాసేపు చూసింది. జవాబివ్వలేదు. కిటికీ మూయనూ లేదు.